నవ్వించి భయపెట్టువారు



నాలుగేండ్ల క్రిందట మా పుట్టింట జరిగిన యొక పెండ్లిచూపుల నాడు, వంటయింటిలో మేము నవ్విన నవ్వు నాకిప్పటికిని మరపునకు రాలేదు. వరుడు మా చెల్లెలిని చూచుటకు వచ్చెను. వచ్చినది మొదలు పోవు వరకు "మా మామయ్యగారు" అను మాట లేకుండ ఆతడొక వాక్యమైనను పలుకలేదు. మామయ్యగారు ఏ కారు కొనిరి, మామయ్యగారిని చూచి ఏ యధికారి లేచి నిలిచెను, మామయ్యగారు కాఫీలో చక్కెర యేల మానిరి, ఇదియే పురాణము. పోవునప్పుడు వసారాలో నిలిచి, తల పైకెత్తి, "ఈ దూలములు టేకువేనా?" అని యడిగి, స్తంభమును వ్రేలి కణుపుతో రెండుమారులు తట్టి చూచి, తృప్తిగా తల యూచెను.

ఆతడు వీధి మలుపు తిరుగక మునుపే నేను పోయి ఆ స్తంభమును అట్లే తట్టితిని. అమ్మయు, పిన్నియు, వదినెయు పొట్టలు పట్టుకొని నవ్విరి. నాన్నగారు పడకకుర్చీలో కూర్చుండి, కన్నులు తుడుచుకొనునంతగా నవ్విరి. నవ్వనిది చెల్లెలొక్కతెయే. ఆమె కాఫీగ్లాసులు కడుగుచు, తల యెత్తకయే, "అక్కా, మీరందరును నవ్వి మీ మీ పనులకు పోవుదురు. నేను ఆతని యింటికి పోవలసినదానను" అనెను.

ఆ మాట బరువు నాకు తెలియనిది కాదు. మా నాన్నగారు ఆ వరుని తండ్రికి బాకీపడి యుండిరి. ఇల్లు వారి వద్దనే తాకట్టులో నుండెను. ఆ యప్పు మరి దేనికో కాదు, నా పెండ్లికి చేసినది. ఈ సంబంధము కుదిరినచో బాకీ మాట యెత్తబోమని వారు ముందుగనే కబురు పంపియుండిరి. ఇవి యన్నియు నెరిగియుండియే నేను నవ్వితిని.

నేను బడికి పోయి చదివినది స్వల్పము. నాకు విద్య నేర్పినవారు మా నాన్నగారే. భారతము, మనుచరిత్రము, వసుచరిత్రము, ఆపైన సంస్కృత నాటకములు కొన్ని, సాయంకాలము వసారాలో కూర్చుండబెట్టి చెప్పిరి. వానిలో నాకు మిక్కిలి నవ్వు పుట్టించినది శూద్రకుని మృచ్ఛకటికము. అందు శకారుడను పాత్ర కలదు. రాజుగారి బావమరది. వానికి పురాణము లన్నియు తారుమారు. రాముని చూచి భయపడిన ద్రౌపది యనును. పూలమాలల వాసన తనకు వినబడుచున్నదనియు, చీకటి ముక్కులో నిండుటచే నగల చప్పుడు కనబడుట లేదనియు చెప్పును. నాన్నగారు ఆ మాటలను గొంతు మార్చి చదువుచుండగా నేను చాపపైబడి దొర్లి నవ్వెడిదానను.

కాని యెనిమిదవ యంకమునకు వచ్చుసరికి ఆ శకారుడే తోటలో వసంతసేన గొంతు నులుమును. ఆమె మరణించినదని తలచి, ఆ నేరమును చారుదత్తునిపై మోపును. న్యాయాధికారి వాని ఫిర్యాదును నేడు వినజాలననగా, రాజుతో చెప్పి నీ పదవి తీయింతునని బెదరించును. న్యాయాధికారి లొంగిపోవును. శకారుని మూఢత్వము మొదటి యంకమున నెంతయో తొమ్మిదవ యంకమునను అంతయే. వాడేమియు మారలేదు. వాని చేతిలో రాజబంధుత్వ మున్నదని మనకు మొదట కనబడలేదు, అంతియే. ఈ పాఠము నాన్నగారే చెప్పిరి. చెప్పినవారును, విన్న నేనును, ఆ పెండ్లిచూపుల నాడు దానిని మరచితిమి.

ఆ నెలలోనే మావారు బడినుండి యొక యాంగ్ల నవల తెచ్చిరి. వారు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుదురు. పెండ్లియైన పిదప నాకును ఆ భాష కొంత నేర్పిరి. జేన్ ఆస్టెన్ రచించిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" అను ఆ పుస్తకమును, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని, రాత్రి భోజనములైన తరువాత కొంచెము కొంచెముగా చదివితిని. ఇది 1813వ సంవత్సరమున వెలువడినది. రచయిత్రి పేరు దానిపై లేదు. ఆమె మొదటి నవలయైన "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ" 1811లో "ఒక స్త్రీచే" అని మాత్రమే అచ్చుపడెను.

కథ క్లుప్తముగా చెప్పెదను. బెన్నెటు అను గృహస్థునకు అయిదుగురు కూతుండ్రు, కొడుకులు లేరు. ఏటికి రెండువేల పౌనుల రాబడి గల భూమియు, ఇల్లును ఉన్నవి గాని, అవి ఆడపిల్లలకు రాకుండ, మగసంతతి లేనిచో దాయాదియగు పురుషునికి చెందునట్లు పూర్వమే కట్టుబాటు చేయబడినవి. ఆ దాయాది కాలిన్సు అను ఇరువదియైదేండ్ల పాదిరి. బెన్నెటు కన్నుమూసిన మరునాడే ఆ తల్లిని, పిల్లలను ఇల్లు వెడలగొట్టుటకు ఆతనికి హక్కు కలదు.

ఈ కాలిన్సు ఆ యింటికి అతిథిగా వచ్చును. వచ్చి గదులను, భోజనశాలను, సామానులను పరికించి పరికించి మెచ్చుకొనును. ఇవన్నియు రేపు తనవగునను లెక్కతోడనే చూచుచున్నాడని ఆ యింటి తల్లికి గుండె చివుక్కుమనును. ఈ భాగము చదివినప్పుడు నా చేతినుండి పుస్తకము జారెను. దూలములు టేకువేనా యని మా వసారాలో స్తంభమును తట్టిన వ్రేలు నాకు కనబడెను.

కాలిన్సు నవ్వించునంతగా నవ్వించువారు ఏ నవలలోను తరచుగా కానరారు. ఆతనికి ఉద్యోగమిచ్చిన లేడీ కేథరిన్ అను ధనవంతురాలి పేరు తలవక ముద్ద మింగడు. మొదట పెద్దకూతురిని పెండ్లాడదలచి, ఆమెకు వేరొక సంబంధము రానున్నదని తల్లి చెప్పగానే, రెండవదానియగు ఎలిజబెతుపైకి మనసు మరల్చును. ఇందులకు పట్టిన కాలము, ఆ తల్లి పొయ్యిలో నిప్పు ఎగద్రోయునంత సేపే. పిమ్మట ఎలిజబెతును కూర్చుండబెట్టి, తాను పెండ్లి యేల చేసికొనవలెనో మూడు కారణములు వరుసగా నప్పగించును. పాదిరి గ్రామస్థులకు మేలుబంతిగా నుండవలెననునది మొదటిది, తనకు సుఖము కలుగుననునది రెండవది, లేడీ కేథరిన్ ఆజ్ఞ మూడవది. ఆ పిల్ల ఇష్టము ఇందేదియు కాదు.

ఆమె వలదనును. ఆతడు నమ్మడు. మంచి కుటుంబపు కన్యలు మొదట కాదనుట ఆచారమేయని నవ్వును. ఆమె మరల వలదనును. అప్పుడాతడు మెత్తని గొంతుతోనే చెప్పును: నీకు రాగల సొత్తు వేయి పౌనులే, అదియు తల్లి పోయిన తరువాతనే, కావున నిన్ను మరియొకడు అడుగునను నమ్మకమేమియు లేదు, అని. సోదరీమణులారా, ఈ మాటను నేను మొదట నవ్వుచు చదివితిని. రెండవసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. ఆతడు మూర్ఖుడే గాని ఆతని లెక్క తప్పు కాదు. వలదను మాటకు అర్థము తెలియని మగవాడు, ఆ మాటను లెక్కింపనక్కరలేని యధికారమును చేతబట్టుకొని యెదుట కూర్చుండెను. శకారుడు గొంతు నులుమును, కాలిన్సు లెక్క చెప్పును.

ఎలిజబెతు తప్పించుకొనెను. తల్లి యెంత గోల చేసినను, తండ్రి ఆమె పక్షముననే నిలిచెను. అయితే ఆతని వలలోనికి షార్లెటు లూకస్ నడచి పోయెను. ఆమె ఎలిజబెతునకు ప్రాణస్నేహితురాలు, బుద్ధిమంతురాలు, ఇరువదియేడేండ్లది, రూపవతి కాదు, సొత్తు లేదు. ఎలిజబెతును అడిగిన మూడుదినములలోనే ఆతడు షార్లెటును అడుగును, ఆమె సరేయనును. ఆతడెట్టివాడో ఆమెకు మనకంటె బాగుగా తెలియును. ఆమె ప్రేమను కోరలేదు, తలదాచుకొన నొక యిల్లు కోరెను. పెండ్లియైన పిదప ఆమె చేసిన యేర్పాటును గమనింపుడు. మగడు ఊరక వచ్చి కూర్చుండకుండునట్లు తన గది వెనుకవైపున నేర్పరచుకొనెను. తోటపని ఆరోగ్యమునకు మంచిదని ఆతనిని తోటలోనికి పంపుచుండెను. పాఠకులు ఇక్కడ నవ్వుదురు. నాకు మాత్రము, వంటయింటి కిటికీ చిన్నదైనను అదియే తన యేకాంతమని చెప్పిన యొక బంధువు జ్ఞప్తికి వచ్చి నవ్వు నిలిచిపోయెను.

ఈ రచయిత్రి గాలిలో మేడలు కట్టి వ్రాసినది కాదు. ఆమె 1775లో హాంప్‌షైరులోని స్టీవెన్‌టన్ అను గ్రామమున పాదిరి కూతురుగా జన్మించెను. 1802 డిసెంబరులో, ఇరువదియేడేండ్లు నిండుటకు కొలదిదినము లుండగా, పెద్ద యెస్టేటునకు వారసుడైన యొకడు ఆమెను పెండ్లాడుమని యడిగెను. సాయంకాలము సరే ననెను. తెల్లవారి ఆ మాట వెనుకకు తీసికొనెను. ఒక రాత్రి ఆమె యెంత లెక్కించుకొని యుండునో మనమూహింపవచ్చును. 1805లో తండ్రి మరణింపగా తల్లియు, ఇద్దరు కూతుండ్రును అన్నదమ్ము లిచ్చు సొమ్ముపై నాధారపడి ఇల్లిల్లు మారవలసివచ్చెను. 1809లో ధనికుడైన సోదరుడు చాటన్ అను గ్రామమున నొక కుటీర మీయగా వారికి నిలుకడ కలిగెను. ఆ కుటీరముననే ఆమె నవలలు వెలుగు చూచినవి. అవివాహితగనే 1817లో మరణించెను. ఎలిజబెతు వలదనుటయు, షార్లెటు సరేయనుటయు, రెండును ఒక రాత్రి ఆమె గుండెలో కలిసి మసలినవే యని నా తలంపు.

కాలిన్సు మగవాడు గనుక అధికారము చెలాయించెనని యెవరైనను అనుకొన్నచో, ఆమె మొదటి నవలలోని ఫానీ డాష్‌వుడ్ను చూడవలెను. మామగారు చనిపోవుచు, సవతి తల్లిని, ముగ్గురు చెల్లెండ్రను చూచుకొనుమని కొడుకుచే మాట తీసికొనెను. ఆ కొడుకు ఒక్కొక్క చెల్లెలికి వేయి చొప్పున మూడువేల పౌనులు ఇయ్యదలచెను. ఫానీ ఆతని భార్య. మన పసివాని నోటి కూడు తీసి సగము రక్తసంబంధము వారికి పెట్టుదువా యని యామె మొదలుపెట్టును. ఆతడు తలకు అయిదువందలకు దిగును. అదియు హెచ్చే యనును. పోనీ తల్లికి ఏటికి నూరు పౌనులిత్తునను. ఆమె పదునైదేండ్లు బ్రదికిన మన గతియేమి యనును. అప్పుడప్పుడు ఏబది చొప్పున నిత్తునను. తుదకు ఇల్లు మారునప్పుడు సామాను మోయించుటయు, వేటకాలమున చేపలో, మాంసమో పంపుటయు చాలునని తేలును. ఈ సంభాషణ యంతయు ఒక చిన్న ప్రకరణము. చదువుచుండగా నవ్వు ఆగదు. చివరి పంక్తికి వచ్చుసరికి నలుగురు స్త్రీలకు ఇయ్యదలచిన సొమ్మంతయు పోయినది. ఎవ్వరును కేక వేయలేదు, ఎవ్వరును కఠినముగా మాటాడలేదు.

ఈ ఫానీ మనకు పరాయిది కాదు. తండ్రి యాస్తిలో కూతురికి హక్కు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వలన కొంత వచ్చినది. ఉమ్మడి యాస్తిలో కొడుకుతో సమముగా భాగము 1985నుండి మన ఆంధ్రప్రదేశమున పెండ్లికాని కూతుండ్రకును, 2005నుండి దేశమంతట కూతుండ్ర కందరకును కలిగినది. కాగితముపై నున్నది. కాని, "నీ పెండ్లికే పెట్టితిమి గదా", "పుట్టిల్లు నీకు వలదా", "పసుపుకుంకుమల క్రింద చీర పెట్టెదము" అను మెత్తని మాటల వలన ఎకరము సెంట్లై, సెంట్లు చీరయై, ఆ చీరయు పండుగ పండుగకు పలుచనగుట మీలో నెందరు చూడలేదు? సంతకము చేయు అక్కచెల్లెండ్రును నవ్వుచునే చేయుదురు.

1814లో వచ్చిన "మాన్స్‌ఫీల్డ్ పార్కు" అను నవలలో నారిస్ అను పెత్తల్లి కలదు. బీదచెల్లెలి బిడ్డను తెచ్చి పెంచుదమని మొట్టమొదట చెప్పిన ఉదారురాలు ఈమెయే. ఖర్చు మాత్రము మరియొక చెల్లెలి మగనిది. ఇంటిలో ఆడదలచిన నాటకము చెడిపోగా, దానికై కుట్టిన పచ్చని తెరగుడ్డను సద్దుచేయక తన యింటికి చేర్చుకొన్న ఘనురాలు. ఇంతవరకు నవ్వే. కాని ఆ పదేండ్ల పిల్ల ఏండ్ల తరబడి మంటలేని గదిలో చలికి వణకినది ఈమె యాజ్ఞ వలననే. నీవు వీరితో సమానురాలవు కావు సుమా యని అనుదినము జ్ఞాపకము చేయునదియు ఈమెయే. అధికారము లేని స్త్రీ తనకంటె దిగువనున్న యొక్కతెపై దానిని వెదకికొనుట యెంత నవ్వుబాటో, అంత క్రూరము. మనలోనెవరైనను పనిపిల్లకు పెట్టిన యన్నమును చాటుగా తూచినచో, ఈ పెత్తల్లి మన యింటిలోను కాపురమున్నదని తెలిసికొనవలెను.

ఇన్ని పాత్రలను గూర్చి చెప్పితిని గాని, నన్ను నిజముగా భయపెట్టినవాడు వీరెవరును కారు. తండ్రియగు బెన్నెటు. ఆతడు మంచివాడు, చదువరి, చమత్కారి. ఎలిజబెతుపై ప్రాణము. కాలిన్సు ఉత్తరము చూడగానే వీడు మంచి వినోదమగునని సంతోషించినవాడు. మూర్ఖులను చూచి నవ్వుట ఆతనికి నిత్యభోగము. కాని కొడుకు పుట్టును, కట్టుబాటు తొలగించుకొందమని నమ్మి, కూతుండ్రకై ఒక్క పౌను కూడబెట్టలేదు. నవ్వి నవ్వి, ఇరువది మూడేండ్లు గడపివేసెను. చిన్నకూతురు లిడియా లేచిపోయిన నాడు ఆ నవ్వు ఎందుకును కొరగాలేదు. ఆనాడే కాలిన్సు ఓదార్పు పేరిట నుత్తరము వ్రాసి, ఆ పిల్ల చచ్చినను ఇంతకంటె మేలుగ నుండెడిదని తెలిపి, ఇట్టి కుటుంబముతో తనకు వియ్యము తప్పినందులకు తన్ను తాను అభినందించుకొనెను. ఎవనిని చూచి ఆ యిల్లు నవ్వెనో, వాడు వారి యవమానమును కొలిచి చూపెను.

ఆ ప్రకరణము ముగించునప్పటికి రాత్రి పదకొండు దాటెను. పడకకుర్చీలో కన్నులు తుడుచుకొనుచు నవ్విన మా నాన్నగారు నా కన్నులయెదుట నిలిచిరి. వారు నాకు దైవసమానులు. వారిపై అట్టి తలంపు కలిగినందులకు నాకు సిగ్గయ్యెను. అయినను ఆ తలంపు పోలేదు. స్తంభము తట్టి అందరను నవ్వించినదానను నేను. నేను బెన్నెటు కూతురనే.

మరునాడు మావారితో మాటాడితిని. వారు కొంతసేపు మౌనముగా నుండి, "నీ గాజులు నీవి. నన్ను అడుగనేల?" అనిరి. మొదటి బస్సుకు పుట్టింటికి పోతిని. నాన్నగారు వసారాలోనే యుండిరి. నన్ను చూడగానే, "ఏమమ్మా, మామయ్యగారు కుశలమా?" అని నవ్విరి. నేను నవ్వలేదు.

"నాన్నగారూ, శకారుని చూచి నవ్వుట మీరే నేర్పితిరి. ఎనిమిదవ యంకమును కూడ మీరే చెప్పితిరి గదా" అంటిని.

వారి ముఖమున నవ్వు మెల్లగా దిగిపోయెను. చాలసేపు పలుకలేదు. తరువాత, "నేను నవ్వినది నాకు వేరు దారి తోపకనే, అమ్మా" అనిరి. నా జన్మలో నాన్నగారి నోట నేనట్టి మాట వినియుండలేదు. అప్పుడు చెల్లెలిని పిలిచి, యెదుట కూర్చుండబెట్టి, నీ యభిప్రాయమేమని యడిగిరి. అంతవరకు ఆమెను ఆ ప్రశ్న యెవ్వరును అడుగలేదు. ఆమె "వలదు" అనెను. ఒక్కసారియే అనెను. ఒక్కసారియే చాలెను.

దానికి మూల్యము లేకపోలేదు. వరుని తండ్రి నెలలోపల బాకీ చెల్లింపుమనెను. నా పెండ్లినాటి గాజులు, చంద్రహారము పోయినవి. నాన్నగారు చెరువు క్రింది అరయెకరము అమ్మిరి. ఇల్లు నిలిచినది. బంధువులలో కొందరు, వచ్చిన సంబంధమును చదువుల తల్లి చెడగొట్టినదని నన్ననిరి. అమ్మ ఆరునెలలు నాతో సరిగా మాటాడలేదు. ఇప్పటికిని చెల్లెలిని చూచినప్పుడెల్ల నిట్టూర్చుచునే యున్నది.

చెల్లెలు బి.యీడీ. ముగించి ఉపాధ్యాయిని యయ్యెను. ఈ యేడు ఆమెకు ఇరువదియేడు నిండినవి. షార్లెటు వయస్సే. ఆనాటి షార్లెటునకు పెండ్లియొక్కటే అన్నపుదారి. నేటి మా చెల్లెలు నెల మొదట జీతము తెచ్చుకొని, నాన్నగారికి మందులు కొనుచున్నది. పెండ్లి చేసికొనునో మానునో ఆమె యిష్టము. రెండువందల యేండ్లలో చట్టములును, బడులును, స్త్రీలును కలిసి సంపాదించినది ఈ "ఇష్టము" అను మూడక్షరములే. అవి ప్రతి యింటికి ఇంకను చేరలేదు.

సోదరీమణులారా, నవ్వవలదని నేను చెప్పుట లేదు. నవ్వు లేనిచో మనమెన్నడో క్రుంగిపోయి యుందుము. ఆస్టెన్ సయితము భయమును జయించినది నవ్వుతోడనే. కాని మన యింటి గడపలో నిలిచిన వింతమనిషిని చూచి నవ్వు వచ్చినప్పుడు, ఆ నవ్వు ఆగకమునుపే వాని చేతిలో నేమున్నదో యొకసారి చూడుడు. ప్రోనోటు ఉన్నదా, తాళపుచెవి యున్నదా, ఒక పిల్ల బ్రదుకు ఉన్నదా? ఆపైన, గ్లాసులు కడుగుచు నవ్వక నిలిచిన దెవరో కూడ చూడుడు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి పోయినప్పుడు చెల్లెలు వసారాలో నిలిచి, తల పైకెత్తి, స్తంభమును వ్రేలి కణుపుతో రెండుమారులు తట్టి, "టేకే, అక్కా" అనెను. ఆనాడు వంటయింటిలో నవ్వని పిల్ల ఈసారి ముందుగా నవ్వినది. నాన్నగారు కూడ నవ్విరి. అప్పుడు నేనును నవ్వితిని.